హాల్టు పక్కన అరుగు

ఫోటోలు తీయడమే నా ఉద్యోగం. కాకపోతే ఎముకలవి. గుడివాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఎక్స్‌రేలు తీస్తాను. "కదలకండి, ఊపిరి బిగబట్టండి" అని పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అరిచి అరిచి, ఇంటికొచ్చినా నా గొంతు దిగదని మావారి ఫిర్యాదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దే" అని మా అమ్మ కూడా సాధిస్తూ ఉంటుంది. ఆవిడ నోరు పుట్టినప్పట్నుంచీ మంచిదే. ఊరు ఆవిడకేం మంచి చేసిందో నాకైతే కనబడలేదు.

అమ్మది దివిసీమలో సముద్రానికి దగ్గరి ఊరు. ఉప్పెన వచ్చేనాటికి ఆవిడకింకా పెళ్ళి కాలేదు. తాటిమట్టల్లో చిక్కుకుని ఆవిడ బతికింది, వాళ్ళమ్మా నాన్నా బతకలేదు. శవాలు దొరకలేదు. దొరికినవి ఎవరివో ఎవరికీ ఆనవాలు తెలియలేదు, అన్నిటినీ కలిపి గుంటల్లో పూడ్చేశారు. అందుకని మా వాళ్ళకి ఎక్కడా ఒక రాయంటూ లేదు. ఈస్టరు తెల్లవారుజామున ఊరంతా సమాధుల తోటకెళ్ళి, తమవాళ్ళ సమాధులకి సున్నం కొట్టి బంతిపూలు పెడుతుంటే, అమ్మ నా చెయ్యి పట్టుకుని గేటు దగ్గరే నిలబడేది. నాన్న సంగతంటారా, ఆయన మమ్మల్ని వదిలేసి ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టాడు. ఆయన గురించి ఇంతకంటే సిరా ఖర్చు చేయను.

ఇంట్లో మగదిక్కంటే అన్నయ్యే. రైల్వేలో గ్యాంగ్‌మేన్ ఉద్యోగం వచ్చిన రోజు అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది, వీధంతా లడ్డూలు పంచింది. పోస్టింగు ఎక్కడో కొండల్లో వేశారు. ఆ లైను పేరు ఇక్కడ రాయను, హాల్టు పేరు అసలే రాయను. రాస్తే జనం సెల్‌ఫోన్లు పట్టుకుని మళ్ళీ తయారవుతారు. డెల్టాలో పుట్టి ఇసక గుట్ట తప్ప ఎత్తంటే ఏంటో ఎరగని మా అన్నయ్య, మొదటి నెల ఫోన్ చేసి పిల్లాడిలా సంబరపడ్డాడు. "అమ్మా, ఇక్కడ నీళ్ళు నిలబడవే. ఎంత వానొచ్చినా జర్రున కిందికి జారిపోతాయి. ఇక్కడికి ఉప్పెన రాదు, నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు. అమ్మ నిశ్చింతగానే ఉంది. ఒక ముసురులో, లైను తనిఖీకి వెళ్ళినవాడి మీద కొండచరియ విరిగిపడింది.

లైను మూసేశారు. మేం పైకి వెళ్ళాలన్నా దారి లేదు, శవాన్ని కిందికి తేవాలన్నా దారి లేదు. తోటి గ్యాంగువాళ్ళే హాల్టు పక్కన మట్టి చేశారు. వాళ్ళలో ఒకాయన బైబిలు చదివి ప్రార్థన చేశాడట. దారి బాగుచేసి మొదటి ప్యాసింజరు వదిలాక, అందులో వెళ్ళి అమ్మా నేనూ చూసింది ఒక ఎర్రమట్టి దిబ్బని.

ఆ మరుసటి ఏడు అమ్మ సమాధి కట్టించింది. కింద ఊరి నుంచి మేస్త్రి సిమెంటు బస్తాలతో అదే ప్యాసింజర్లో వచ్చాడు. ఎంతెత్తు కట్టమంటారమ్మా అనడిగితే అమ్మ తన నడుం మీద చెయ్యి పెట్టి చూపించింది. మా వైపు సమాధులన్నీ అంతే. వరదొస్తే మునగకూడదని, ఉన్నవాళ్ళు ఉన్నంతలో ఎత్తుగా కట్టించుకుంటారు. మేస్త్రికి నవ్వాగలేదు. "కొండమీదికి వరదేంటమ్మగారూ! ఇక్కడిదాకా నీళ్ళొస్తే మీ గుడివాడ ఉంటదా?" అన్నాడు. అమ్మ నవ్వలేదు. "నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో నువ్వు చూళ్ళేదు నాయనా, నేను చూశాను" అంది. ఆయన అలాగే నడుమెత్తు కట్టి, పైన చదునుగా గచ్చు చేసి, తలవైపు ఒక శిలువ నిలబెట్టాడు. పేరు చెక్కిన రాయి పక్క గోడకి, అడవి వైపు పెట్టాడు. కొండలో కట్టిన డెల్టా సమాధి అది. దాని అవతారం చూసి నాకే నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

అప్పట్నుంచీ ఏడాదికోసారి, వానలు వెనకబట్టాక, బందరు నుంచి విశాఖ వెళ్ళే రాత్రి బండి గుడివాడలో ఎక్కి, పొద్దున్నే బండి మారి, కొండ ప్యాసింజరు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. సున్నం పొట్లం, కుంచె, చీపురు, నీళ్ళ క్యాను, పులిహోర. ప్యాసింజరు పొద్దున పైకి వెళ్తూ హాల్టులో ఒక్క నిమిషం ఆగుతుంది. దిగి సున్నం వేసుకుని, ప్రార్థన చేసుకుని, అక్కడే తిని, సాయంత్రం అదే బండి కిందికి వచ్చేటప్పుడు ఎక్కేస్తాం. ఎక్స్‌ప్రెస్సులు అక్కడ ఆగవు. రోడ్డు లేదు. కింద ఊరి నుంచి నడవాలంటే పట్టాల వెంబడి సొరంగం దాటాలి. మా అమ్మ మోకాళ్ళలో గుజ్జెంత మిగిలిందో నాకు తెలుసు, ఆ ఎక్స్‌రే తీసింది నేనే.

ఇన్నేళ్ళలో ఆ సమాధికి ఒక్క ఫోటో తీయలేదు. అమ్మ తీయనివ్వలేదు. "ఫోటో తీసుకుపోతే ఇక మనం రాం అనుకుంటాడే వాడు" అనేది. నాదేమో ఎముకల లోపలి దాకా ఫోటో తీసే వృత్తి! ఇదేం చాదస్తమే అని నేను విసుక్కునేదాన్ని. ఆవిడ పట్టు ఆవిడదే. మొన్నామధ్య ఒక ఏడు చెట్టుకొమ్మ పడి శిలువ విరిగిపోయింది. ముక్కలు పక్కన పేర్చి, వచ్చేసారి కొత్తది చేయించుకొద్దాం అనుకుని వచ్చేశాం.

ఆ వచ్చేసారికి ముందే పేపర్లో పడింది, కొండ ప్యాసింజరు రద్దు చేస్తున్నారని. ఎక్కేవాళ్ళు లేరట. ఆ ఎక్కేవాళ్ళలో మేమిద్దరం ఉన్నామని ఎవరికి తెలుసు? అప్పటికే వానలకి కొన్నాళ్ళుగా బండి నడవడం లేదు. ఆఖరి రోజు ఒక్కటీ నడిపి ఆపేస్తామన్నారు. నేను గట్టిగా చదివి వినిపించాను. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. తుంచడం ఆపకుండానే, "అయితే ఈసారి ఫోటో తీయవే" అంది.

ఏడిస్తే ఆవిడ కూడా ఏడుస్తుందని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. మా ల్యాబ్ అమ్మాయి దగ్గర మంచి ఫోన్ ఉంటే అడిగి తీసుకున్నాను. ఎండెటు ఉంటే ఎటు నిలబడాలో, నాలుగు వైపులా ఎలా తీయాలో అన్నీ అనుకున్నాను. ఒకటి పెద్దది చేయించి అమ్మ మంచానికి ఎదురుగా గోడకి పెట్టాలి. శిలువకి టైము చాలలేదు, సున్నం మాత్రం మామూలుకంటే ఎక్కువ కొన్నాం.

ప్యాసింజరు బయల్దేరే స్టేషన్లో అడుగుపెట్టగానే నాకు తిక్క రేగింది. ఇంజనుకి అరటి పిలకలు కట్టారు, బంతిపూల దండలు వేశారు, కొబ్బరికాయలు కొడుతున్నారు. ఎన్నడూ మనిషి కనపడని బండికి తిరనాళ్ళ జనం. మెడల్లో కెమెరాలు, చేతుల్లో కర్రలు, కర్రలకి ఫోన్లు. "ఫ్రెండ్స్, దిస్ ఈజ్ ది లాస్ట్ జర్నీ" అని ఒకడు తన మొహం తనే చూసుకుంటూ మాట్లాడుతున్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. నా చేతిలో కుంచె, చీపురు చూసి ఒకమ్మాయి "ఆంటీ, డెకరేషన్ టీమా మీరు?" అంది. నేను నోరు తెరిచేలోపల అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

ఎలాగో ఎక్కాం. ఆ కొండలు వానల చివర ఎంత అందంగా ఉంటాయో ఒప్పుకోక తప్పదు. ఒక్కో మలుపులో ఒక్కో జలపాతం. పైనుంచి చూస్తే లోయ నిండా మబ్బు, పత్తి పరిచినట్టు. ఆ నీళ్ళూ ఆ మట్టీ కలిసి ఏం చేస్తాయో తెలిసిన నేను, ఏళ్ళ తరబడి ఆ దారిలో కిటికీలోంచి బయటికి చూడలేదు, ఆఖరిసారని ఆ రోజే చూశాను. బోగీలో మిగతావాళ్ళంతా "వావ్" అంటున్నారు. సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు. అమ్మ సున్నం పొట్లం ఒళ్ళో పెట్టుకుని, మధ్యమధ్యలో అది తడిసిందేమోనని తడిమి చూసుకుంటోంది.

హాల్టుకి ముందున్న వంతెన దగ్గరే మేం లేచాం. తలుపు దగ్గరికి చేరాలి కదా. తలుపు కనపడితే కదా! మెట్ల మీద ఇద్దరు, వాళ్ళ భుజాల మీంచి ఇంకో ముగ్గురు, వాళ్ళ వెనక గోడలాగా జనం. "బాబూ, దిగాలి, కాస్త జరగండి" అన్నాను. ఒకబ్బాయి వెనక్కి తిరిగి, "ఇక్కడేముంది ఆంటీ, ఫారెస్టే. పై స్టేషన్లో దిగుదురుగాని" అన్నాడు. నేను అరిచాను. ఎక్స్‌రే గదిలో అరిచినట్టు కాదు, నిజంగా అరిచాను. బండి ఆగింది. జనం దిగడానికి కదల్లేదు, ఫోటోకి ఒంగారు. నేను మోచేతులతో పొడిచాను, ఎవరి బ్యాగో లాగాను. చైను అందుకోబోతే ఎవరో నా చెయ్యి పట్టుకుని, "చైన్ లాగకండి ఆంటీ, మళ్ళీ ఎండ పోతుంది" అన్నారు. ఎండ పోతుందట! అప్పటికే బండి కదిలింది. అమ్మ నా వీపుకి ఆనుకుని, "పోనీలేవే, పోనీలే, గొడవొద్దు" అంటోంది. ఆవిడ గుండె కొట్టుకోవడం నా వీపుకి తెలుస్తోంది. ఫోన్ తలల మీదికెత్తి, కనపడ్డా కనపడకపోయినా నొక్కుతూనే ఉన్నాను. తర్వాత చూస్తే అన్నీ వీపులు, మోచేతులు, ఒకడి టోపీ.

పై స్టేషన్లో గార్డు గారి దగ్గరికి వెళ్ళాం. ఏటా చూసేవాడే, అమ్మని పిన్నిగారూ అంటాడు. తిరుగు ప్రయాణంలో కాస్త ఎక్కువసేపు ఆపించండి బాబూ, ఒక్క ఫోటో తీసుకుని ఎక్కేస్తాం అని బతిమాలాను. ఆయన పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. "ఇవాళ అధికారులందరూ బండిలోనే ఉన్నారమ్మా. నిమిషం దాటితే నా ఉద్యోగం మీదికొస్తుంది. పోనీ దిగిపోతానంటారా, రేపట్నుంచి మిమ్మల్ని ఎక్కించుకోడానికి బండే లేదు కదా" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ముందే తలుపు పట్టుకుని నిలబడ్డాం. అప్పటికి జనం అలిసిపోయి సీట్లలో కూలబడ్డారు. బండి ఆగింది. తలుపు ఖాళీ. ఎదురుగా మంచు. మనిషికి మనిషి కనపడనంత మంచు. సమాధి ఉన్న వైపు కాస్త తెల్లగా ఏదో ఉన్నట్టుంది, లేనట్టుంది. అమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టింది. నేను రెండు చేతులా ఆవిడ నడుం పట్టుకున్నాను. "వదలవే, ఒక్కసారి చేత్తో తాకొస్తాను" అంది. వదల్లేదు. గార్డు గారి ఈల వినపడింది. అమ్మ సున్నం పొట్లాన్ని ప్లాట్‌ఫారం మీదికి జారవిడిచింది. అది పగిలిందో లేదో కూడా చూడలేదు, బండి కదిలింది. ఆ మంచుని ఒక ఫోటో తీశాను. తెల్లకాగితంలా వచ్చింది.

గుడివాడ వచ్చాక అమ్మ ఆ విషయం ఎత్తలేదు. నేను ఊరుకోలేకపోయాను. నేనొక్కదాన్నే నడిచి వెళ్ళొస్తానంటే, "ఒకణ్ణి ఇచ్చాను ఆ కొండకి, చాలదా?" అని నా చేత ఒట్టు వేయించుకుంది. దాంతో ఫోన్లో రైలు పిచ్చోళ్ళ గ్రూపు ఒకటి పట్టుకుని అందులో చేరి అడిగాను. ఆఖరి రోజున ఆ హాల్టు దగ్గర తీసిన ఫోటో ఏదైనా ఉంటే పంపండి, పట్టాల పక్కన తెల్ల సమాధి అందులో పడి ఉంటే చాలు అని. సమాధి ఫోటో ఎవరి దగ్గరా లేదన్నారు. ఆఖరికి ఒకాయన, సమాధి సంగతి తెలియదు గానీ హాల్టుది మాత్రం ఉంది అంటూ పంపాడు.

చాలా మంచి ఫోటో అది. అందరూ మెచ్చుకున్న ఫోటోనట. మలుపు తిరిగి వస్తున్న ఇంజను, దండలు, వెనక జలపాతం, ఎండ. ముందు వైపు తెల్లటి గట్టు. ఆ గట్టు మీద ఇద్దరు కుర్రాళ్ళు బూట్లేసుకుని నిలబడి, బండి వైపు చేతులూపుతున్నారు. ఫోటో తీసినాయనా వాళ్ళూ కలిసి పొద్దున్నే సొరంగం దాటి నడిచి వచ్చారట, బండిని ఎత్తు మీంచి చూడాలని. గట్టు పక్కన పేర్చి ఉన్న శిలువ ముక్కల్ని నేను గుర్తుపట్టాను.

నోటికొచ్చిందల్లా రాసి పంపాను, ఆ మాటలు ఇక్కడ రాయలేను. కాసేపటికి జవాబొచ్చింది. "క్షమించండి మేడం. ఒట్టు, మాకు తెలియదు. స్టేషన్ వాళ్ళు కూర్చోడానికి కట్టించిన అరుగు అనుకున్నాం."

అమ్మకి చూపించకూడదనే అనుకున్నాను. కానీ ఇంట్లో నా మొహం దాచుకోవడం నాకెప్పుడూ చేతకాలేదు, ఆవిడే ఫోన్ లాక్కుంది. వేళ్ళతో పెద్దది చేసి చూసింది. చాలాసేపు చూసింది. అరుగనుకున్నారట అని చెప్పాను. "అనుకోరా మరి, అంతెత్తు కట్టిస్తే? నీళ్ళొస్తాయేమోనని చూశాను గానీ, మనుషులెక్కుతారని నాకేం తెలుసే" అంది. ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టింది. "ఆ పిల్లల్ని తిట్టావా? తిట్టకుండా ఉండాల్సింది" అంది, అంతే.

స్టూడియోకి తీసుకెళ్ళి ఆ ఇద్దర్నీ తీసేయమన్నాను. అతను చిటికెలో తీసేశాడు. తీసేసిన చోట పాలరాయిలాంటిది వేసి, పైన నిగనిగలాడే శిలువ నిలబెట్టి, "ఇంకా పూలేమైనా పెట్టమంటారా అక్కా?" అన్నాడు. ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మ ఒక్క చూపు చూసి, "ఇది ఎవరిదే?" అంది. మనదేనమ్మా, బాగుచేయించాను అన్నాను. తల అడ్డంగా ఊపింది. "మనది కాదు. వాడిది గరుకుగా ఉంటది. ఆ మొదటిదే కట్టించు" అంది.

ఎంత చెప్పినా వినలేదు. బూట్ల కాళ్ళతో సహా పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, ఆవిడ మంచానికి ఎదురుగా పెట్టాం. పొద్దున లేచి ఆవిడ దాని ముందే ప్రార్థన చేసుకుంటుంది. ఆ గదిలోకి వెళ్ళడం నాకు మంట. వెళ్ళినా అటు చూడను.

మొన్న కొత్తగా వచ్చిన పాస్టరమ్మ గారు ఇంటికొచ్చారు. అమ్మకి అబ్బాయి ఉండేవాడని, రైల్వేలో పనిచేస్తూ పోయాడని ఎవరో చెప్పినట్టున్నారు. కాఫీ తాగుతూ ఫోటో వైపు చూసి, ఎంత చక్కటి ఫోటో అండీ అన్నారు. నేను ట్రే పట్టుకుని నిలబడిపోయాను. ఆవిడ లేచి దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని, ఆ కుర్రాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసి, "వీళ్ళిద్దరిలో మీ అబ్బాయి ఎవరండీ?" అని అడిగారు.

"కిందున్నవాడండీ" అంది అమ్మ.